కింది రైతు కాలువ పూడ్చేస్తే: గెట్టు పంచాయితీకి ముందు లెవెల్ పైపు

అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. కాపురం హైదరాబాద్ మియాపూర్‌లో, పొలం శంకర్‌పల్లి అవతల. రెండెకరాల నల్లరేగడి, పత్తి వేశారు. ఎగువన మరో మూడెకరాల మీద పడ్డ వాన కూడా మీ చేను మీదుగానే దిగుతుంది. ఆ నీరంతా మీ గెట్టు మూల నుంచి కింది రైతు చేను అంచున 300 అడుగులు పారి ఒర్రెలో (చిన్న వాగులో) కలిసేది. పోయిన ఎండాకాలం ఆయన ట్రాక్టర్ పెట్టి కాలువ పూడ్చాడు, గెట్టు రెండడుగులు లేపాడు, కింద ఆరంగుళాల పీవీసీ పైపు ఒకటి వేశాడు. ఇప్పుడు మీ చేనులో నీళ్లు నిలిచి పత్తి వాడుతోంది. అడిగితే "నా పట్టాల నా ఇష్టం, పైపు వెట్టిన గద, ఇంకేం గావాలె" అంటున్నాడు. రాత్రికి రాత్రి జేసీబీతో తవ్వించేయమని చుట్టాలు సలహా ఇస్తున్నారు.

జేసీబీ మాట ఇప్పుడే వదిలేయండి. ఆయన పట్టాలో అడుగుపెట్టి గట్టు తెంపితే భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద చొరబాటు, 324 కింద ఆస్తి నష్టం అని ఠాణాలో మొదటి కాయితం మీ మీద పడుతుంది. ఆ తర్వాత కాలువ సంగతి పక్కకు పోతుంది. పెద్దమనుషుల ముందు కూర్చున్న ప్రతిసారీ ఆయన "ముందు కేసు సంగతి తేల్చు" అంటాడు. న్యాయం మీ వైపు ఉన్నవాళ్లే ఎక్కువగా ఈ తప్పు చేసి, రెండేళ్లు వెనక్కి పోతారు.

ఈ వారం పంట కోసం చేయాల్సింది వేరే. నీరు ఎక్కువ రోజులు నిలిస్తే పత్తి వేళ్లకు గాలి అందదు, నల్లరేగడిలో అది ఇంకా తొందరగా జరుగుతుంది. సాళ్ల మధ్య జానెడు లోతు చాళ్లు తీసి నీటిని పల్లపు మూలకు మళ్లించండి. అక్కడ చిన్న గుంత తవ్వి డీజిల్ ఇంజన్‌తో తోడి, పైపు పొడవుగా వేసి ఒర్రెలోకే వదలండి. ఎకరంలో అర అడుగు నీరంటే ఆరు లక్షల లీటర్లకు పైమాట. సెకనుకు పది లీటర్లు తోడే ఇంజన్‌కు 17 గంటలు పడుతుంది, డీజిల్ ఆ లెక్కన తెచ్చుకోండి. కోపంలో ఆ నీటిని ఆయన చేనులోకి తోడారా, ఇన్నాళ్లూ ఆయన చేసిన తప్పు మీరూ చేసినట్టే. తోడేటప్పుడు, వాన పడేటప్పుడు తేదీ, లొకేషన్ పడే కెమెరా యాప్‌తో వీడియో తీయండి. నీరు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడ ఆగిందో ఒకే షాట్‌లో కనపడాలి. ఆ ఫోన్‌ను మార్చేయకండి, ఫార్మాట్ చేయకండి. రేపు కోర్టులో ఆ వీడియో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. మండలంలో ఉండే వ్యవసాయ విస్తరణాధికారిని పిలిచి పంట పరిస్థితి రాయించుకోండి.

ఆ తర్వాతి పని లెవెల్. మనిషితో మాట్లాడకముందే ఇది జరగాలి, ఎందుకంటే సగం గొడవలు లెవెల్ తెలియకనే నడుస్తుంటాయి. దీనికి పెద్ద యంత్రం అక్కర్లేదు, మేస్త్రీ వాడే లెవెల్ పైపు చాలు. లోపలి నీళ్లు కనపడే అరంగుళం తెల్ల ప్లాస్టిక్ పైపు 20 మీటర్లు, సెంటీమీటర్లు గుర్తు పెట్టిన రెండు కర్రలు, ఇద్దరు మనుషులు. బకెట్ ఎత్తున పెట్టి నీళ్లు మెల్లగా లాగండి. లోపల ఒక్క గాలి బుడగ ఉన్నా లెక్క తప్పుతుంది కాబట్టి పైపంతా ఒకసారి చూసుకోండి. రెండు కొసలనూ కర్రలకు ఆనించి పట్టుకుంటే రెండు వైపులా నీళ్లు ఒకే మట్టానికి వచ్చి ఆగుతాయి. ఒక కర్ర మీద 62, రెండో దాని మీద 71 ఉంటే రెండో చోట నేల 9 సెంటీమీటర్లు పల్లం. జరిగేటప్పుడు రెండు కొసలూ బొటనవేలితో మూసి నడవాలి, లేకపోతే నీళ్లు పోయి మళ్లీ మొదలు. 300 అడుగులకు అయిదు సార్లు జరిగితే సరిపోతుంది.

ఏమేం రాసుకోవాలంటే, మీ పల్లపు మూల, ఆయన గెట్టు పైభాగం, పైపు నోటి అడుగు, పైపు అవతలి కొస, ఒర్రె అడుగు, ఒర్రెలో పోయిన వరద తాలూకు చెత్త ఆగిన గుర్తు. ఈ ఆరు లెక్కలతో మూడు విషయాలు బయటపడతాయి. పైపు నోరు మీ నేల కంటే పైన ఉందా అన్నది మొదటిది. ఇలాంటి చోట్ల చాలాసార్లు ఉంటుంది, అప్పుడు ఆ పైపు ఎంత లావుదైనా కింద నిలిచిన నీటిని తీయదు. రెండోది, ఒర్రే పూడుకుపోయి పైకి లేచిందా అన్నది. అలాగైతే కాలువ ఎంత బాగా తవ్వినా నీరు వెనక్కి కొడుతుంది, ముందు ఒర్రె పూడిక తీయాలి. మూడోది చూసుకోవడానికి మనసు ఒప్పదు గానీ తప్పదు. మీరు లేదా మీకు అమ్మినవాళ్లు మట్టి పోసి చేను లేపారా? ప్రీకాస్ట్ గోడ (ముందే పోసిన సిమెంటు పలకల గోడ) కట్టారా? నగరం చుట్టూ ఇప్పుడు ప్రతి రెండో చేనుకూ ఆ గోడలే. చేనంతా పరుచుకుని పలచగా పారే నీటిని ఆ గోడ ఒక్క మూలకు తోసి, అక్కడి నుంచి కాలువలా కొట్టిస్తుంది. కింది రైతు విత్తనం కొట్టుకుపోతే ఆయన కోపం ఉత్తది కాదు. గోడ ఉంటే పల్లపు వైపు కింది పలకలు నాలుగైదు చోట్ల తీసి ఇనుప జాలీ పెట్టండి. పంచాయితీకి కూర్చునే ముందే ఈ పని చేసి ఉంటే మీ మాటకు బరువు వస్తుంది.

ఇక పైపు లెక్క. మీ రెండెకరాలు, ఎగువ మూడు కలిపి అయిదెకరాలు, అంటే సుమారు రెండు హెక్టార్లు. గంటకు 60 మిల్లీమీటర్ల జోరు వాన పడితే, దున్నిన నేల మీద పడిన దాంట్లో నూటికి 40 వంతులు పారుతుందనుకుంటే, సెకనుకు 135 లీటర్లు మీ మూలకు చేరతాయి. ఆయన వేసిన ఆరంగుళాల పైపు వంద అడుగులకు అర అడుగు వాలులో, నిండుగా పారితే, ఇచ్చేది సెకనుకు 11 లీటర్లు. పన్నెండో వంతు కూడా కాదు. అందులోనూ పత్తి కట్టె, ఆకు అడ్డం పడితే అదీ ఉండదు. "పైపు సరిపోదు" అంటే వాదన అవుతుంది. 135కు 11 అని కాయితం మీద చూపిస్తే సర్పంచ్‌కూ అర్థమవుతుంది, ఆయనకూ అర్థమవుతుంది. పైపే కావాలని పట్టుబడితే 300 మిల్లీమీటర్లది 70 లీటర్లలోపే, అదీ చాలదు. 450 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపు (కాంక్రీటు పైపు) 200 లీటర్ల దాకా తీస్తుంది. కానీ 300 అడుగుల పొడవునా హ్యూమ్ పైపు వేస్తే ఖర్చు పెద్దది, లోపల పూడిక తీయడం కష్టం. తెరిచిన కాలువే మేలు, ట్రాక్టర్ దాటే చోట మాత్రం పైపు.

కాలువ కొలతలు ఇవి. కాలువ అడుగుభాగం వెడల్పు ఒకటిన్నర అడుగు, లోతు ఒకటిన్నర అడుగు, వంద అడుగులకు అర అడుగు వాలు. ఇందులో అడుగు లోతు నీరు పారితే సెకనుకు 160 లీటర్ల దాకా పోతుంది, పైన అర అడుగు ఖాళీ ఉంటుంది. ఎర్రచెలకలో పక్కల వాలు ఒకటికి ఒకటి (అడుగు లోతుకు అడుగు వెడల్పు) పెడితే పై వెడల్పు నాలుగున్నర అడుగులు. మీది నల్లరేగడి కాబట్టి ఒకటికి ఒకటిన్నర పెట్టండి, పై వెడల్పు ఆరడుగులు అవుతుంది. నిటారుగా తవ్విన రేగడి గట్టు ఎండకు నెర్రెలిచ్చి మొదటి వానకే లోపలికి కూలుతుంది. చాలా కాలువలు ఒక్క ఏడాదిలో మాయమయ్యేది అందుకే, ఎవరో పూడ్చి కాదు. తీసిన మట్టి అంచుకు అడుగున్నర ఎడంగా వేయాలి, అంచు మీదే కుప్ప పోస్తే తిరిగి లోపలికే వస్తుంది. పక్కల గరిక ఉండనివ్వండి, గడ్డి మందు కొట్టనివ్వకండి. ఒర్రెలో దిగే చోట కాలువ అడుగు ఒర్రె అడుగు కంటే ఎత్తుగా ఉంటే అక్కడ నాలుగైదు అడుగుల మేర రాళ్లు పేర్చాలి, లేకపోతే కోత అక్కడ మొదలై ఏడాదికి కొన్ని అడుగుల చొప్పున పైకి ఎగబాకుతుంది. ట్రాక్టర్ దాటే చోట 600 మిల్లీమీటర్ల ఎన్‌పీ3 రకం (బండి బరువు మోసే) హ్యూమ్ పైపు, కింద నాలుగంగుళాల మొరం పరుపు, పైన ఒకటిన్నర అడుగుల మట్టి, రెండు కొసలా రాతి కట్టు. నీటికి 450ది చాలు గానీ 600 అయితే పార లోపలికి పోతుంది.

కొలతలు చేతికి వచ్చాక రికార్డు చూడాలి, ఎవరి దగ్గరికి వెళ్లాలో తేలేది అక్కడే. గ్రామ నక్ష, మీ సర్వే నంబరుకూ ఆయన సర్వే నంబరుకూ టిప్పన్ (కొలతల పటం), పాత పహాణీలు. జిల్లా సర్వే, భూరికార్డుల ఆఫీసులోనో తహసీల్దార్ ఆఫీసులోనో సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. ఇవ్వకుండా తిప్పితే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల గడువు ఉంటుంది. నక్షలో ఆ కాలువ నాలా అని గీసి ఉంటే, లేదా పహాణీలో అంతమేర పోట్‌ఖరాబ్‌గా (సాగుకు పనికిరాని నేలగా) రాసి ఉంటే, మీ చేయి చాలా బలంగా ఉన్నట్టు. అది చెరువులోకి పోయే వరద కాలువైతే ఇరిగేషన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) కూడా ఒక ప్రతి ఇవ్వండి. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి నాలాలైతే, చెరువులు, నాలాల ఆక్రమణలు చూసే ప్రభుత్వ సంస్థ హైడ్రా చూస్తుంది. శంకర్‌పల్లి ఔటర్ బయట కాబట్టి మీకు తహసీల్దారే దారి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు వెనక్కి జరిపి చూస్తే ఆ కాలువ పచ్చటి గీతలా కనపడుతుంది, ఏడాదివారీగా ప్రింట్లు తీసిపెట్టుకోండి.

రికార్డులో ఏమీ లేక, కాలువ పూర్తిగా ఆయన పట్టాలో ఉంటే రెండు సంగతులు విడదీసి చూడాలి. మెరక నేల మీద పడ్డ వాన, తవ్విన కాలువలో కాకుండా నేల వాలున తనంతట తాను పారే నీరు, పల్లపు నేల మీదికి పోవడాన్ని పల్లపు యజమాని అడ్డుకోకూడదన్నది సహజ హక్కు. 1882 ఈజ్‌మెంట్ (పక్కవారి నేలను వాడుకునే హక్కు) చట్టం 7వ సెక్షన్ ఉదాహరణల్లో ఈ సూత్రం ఉంది. దీనికి ఇన్నేళ్లు అన్న లెక్క లేదు. బోరు నీళ్లు, కోళ్ల షెడ్డు కడిగిన నీళ్లు, ఫామ్‌హౌస్ మురుగు మాత్రం ఇందులోకి రావు. అవి కలుస్తుంటే ముందు మీరు ఆపాలి. తవ్విన కాలువ మీద హక్కు కావాలంటే వేరే లెక్క. ఒప్పందం ఉండాలి, లేదా అడ్డు లేకుండా, బాహాటంగా, హక్కుగా 20 ఏళ్లు వాడి ఉండాలి. 1963 కాలపరిమితి చట్టం 25వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది. మీకు అమ్మినాయన వాడిన ఏళ్లు కూడా కలుస్తాయి కాబట్టి ఆయన దగ్గరికి, ఊళ్లో అరవై దాటిన ఇద్దరు ముగ్గురి దగ్గరికి ఇప్పుడే వెళ్లి మాట్లాడి రండి. ఇక్కడ ఒక గడువు ఉంది. అడ్డు పెట్టిన సంగతి తెలిసీ ఏడాది పాటు ఊరుకుంటే ఆ వాడకం తెగినట్టు అవుతుంది. ఊరుకోలేదు అనడానికి మీ దగ్గర కాయితం ఉండాలి. అందుకే, రాజీకి ఎంత ఆశ ఉన్నా, అభ్యంతరం తెలుపుతూ నాలుగు లైన్ల ఉత్తరం అందినట్టు రసీదు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. బెదిరింపు మాటలు వద్దు. "ఫలానా నెలలో కాలువ పూడింది, మా చేనులో నీరు నిలిచింది, తెరవమని కోరుతున్నాం" అంటే చాలు.

ఇప్పుడు మనిషి. ఆయన దృష్టితో ఒక లెక్క వేసి చూడండి. ఆరడుగుల వెడల్పు, 300 అడుగుల పొడవు అంటే 1,800 చదరపు అడుగులు. గుంటకు 1,089 లెక్కన గుంటన్నరకు పైనే. ఆ చుట్టుపక్కల గుంట విలువ ఎంత పలుకుతుందో మీకు తెలుసు. తాతల నాడు ఆ అంచుకు విలువ లేదు, ఇప్పుడు ఉంది. ఆయన పూడ్చింది మీ మీద పగతో కాకపోవచ్చు. కాబట్టి ఖాళీ చేతులతో వెళ్లి "హక్కు" అనకండి. కాలువను గెట్టు మీదికి జరిపి చెరి సగం నేల ఇవ్వడం, తవ్వకం ఖర్చంతా మీరే పెట్టుకోవడం, ఆయన ట్రాక్టర్ దారికి హ్యూమ్ పైపు మీరే వేయించడం, ఈ మూడూ ఒకేసారి చెప్పకండి, ఒక్కొక్కటిగా చేతిలో ఉంచుకోండి. గెట్టు మీదికి రావాలంటే హద్దు ముందు తేలాలి. మీసేవలో ఎఫ్‌లైన్ పిటిషన్ (హద్దు కొలవమనే దరఖాస్తు) పెడితే సర్వేయర్ ఇద్దరికీ నోటీసు ఇచ్చి కొలుస్తాడు, ఆ రోజు మీరు తప్పకుండా ఉండండి. సెలవు పెట్టండి. ఆదివారం కారులో వచ్చి గెట్టు మీద నిలబడి మాట్లాడే మనిషిగా ఉన్నంతకాలం ఊరు మీ వైపు నిలవదు. ఆయనను "అన్నా" అనే పిలవండి, పెద్దాయనైతే "కాకా" అనండి. ఆయన ఇంటికే వెళ్లండి, చేను దగ్గర నలుగురి ముందు కాదు. నలుగురు చూస్తుండగా "సరే" అనడం ఎవరికైనా కష్టం. ఇప్పుడు ఆయన పంట చేనులో ఉంది కాబట్టి తవ్వకం అడగకండి. ఈ సీజన్‌కు గెట్టు ఒక చోట మూడడుగులు తెరవమని, పంట అయ్యాక ఎండాకాలంలో రోహిణి కార్తె లోపు కాలువ తీద్దామని అడగండి. చేను కౌలుకు ఇచ్చి ఉంటే కౌలుదారుతో కుదిరిన మాట చెల్లదు, పట్టాదారు కావాలి.

కుదిరిన మాటను అంకెల్లో రాయాలి. "కాలువ తీయుటకు ఒప్పుకున్నాము" అన్న వాక్యం వచ్చే వానకు దేనికీ పనికిరాదు. ఏ హద్దు రాయి నుంచి ఎక్కడి దాకా, పొడవెంత, అడుగు వెడల్పెంత, పై వెడల్పెంత, వాలెంత, ఎవరి నేలలో ఎంత, ఏ తేదీ లోపు తవ్వాలి, ఏటా రోహిణి కార్తె లోపు పూడిక ఎవరు తీయాలి, తీసిన మట్టి ఎవరిది, మురుగు వదలరాదు, కాలువలో కడీలు (రాతి కంబాలు) పాతరాదు, చేను అమ్మినా వారసులకూ కొన్నవారికీ వర్తిస్తుంది. లోతు మాత్రం అడుగుల్లో రాసి వదిలేయకండి. ఒకటిన్నర అడుగు ఎక్కడి నుంచి అన్నది రెండేళ్లకు గొడవ అవుతుంది, గెట్టు లేపితే లోతు మారినట్టే. దానికి మంచి ఉపాయం అడుగు రాయి. అడుగున్నర చదరం కాంక్రీటు పలకలు నాలుగు పోయించి, కాలువ మొదట్లో ఒకటి, ప్రతి వంద అడుగులకు ఒకటి, పై ముఖం కాలువ అడుగుతో సమానంగా ఉండేలా పాతండి. ప్రతి దాని మట్టం హద్దు రాయితో లెవెల్ పైపు పెట్టి కొలిచి ఒప్పందంలో రాయండి. పూడిక తీసే కూలీకి చెప్పాల్సింది ఒక్కటే, రాయి కనపడేదాకా తీయి, రాయి కనపడితే ఆపు. ఎవరూ ఎక్కువ తవ్వలేరు, ఎవరూ పూడ్చి "ఎప్పుడూ ఇంతే ఉండె" అనలేరు.

వంద రూపాయల స్టాంపు కాయితం మీద సంతకాలతో ఆగిపోకండి. స్థిరాస్తి మీద శాశ్వత హక్కు ఇచ్చే పత్రానికి రిజిస్ట్రేషన్ కావాలి, లేకపోతే రేపు చేను కొన్నవాడు నాకు తెలియదంటాడు. హైదరాబాద్ చుట్టూ భూమి చేతులు మారే వేగానికి ఇది ఊహ కాదు. నేను మెచ్చే దారి లోక్ అదాలత్. కేసు వేయకముందే మండల న్యాయ సేవల కమిటీకి దరఖాస్తు ఇవ్వొచ్చు, కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకున్న షరతులు అవార్డుగా వస్తే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మీ స్కెచ్చు, అడుగు రాళ్ల మట్టాలు ఆ అవార్డుకు జతపరచమని అడగండి.

ఆయన ఎంతకీ దిగకపోతే రెండు తలుపులున్నాయి. కొట్లాట వచ్చేలా ఉంటే పోలీసులకు అర్జీ ఇచ్చి, దాని మీద తహసీల్దార్ దగ్గర భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 166వ సెక్షన్ కింద నడిపించవచ్చు. నేల, నీటి వాడకం హక్కు గొడవలకు ఉన్న సెక్షన్ అది. సీజన్‌లో మాత్రమే వాడే హక్కయితే, అర్జీకి ముందు వచ్చిన ఆఖరి సీజన్‌లో వాడి ఉండాలని అందులో ఉంది. పోయిన వానాకాలం మీ నీరు ఆ కాలువలో పారింది. ఈ వానాకాలం గడిచిపోయాక అర్జీ పెడితే "ఆఖరి సీజన్‌లో పారలేదు కదా" అన్న ప్రశ్న వస్తుంది, అందుకే ఇప్పుడే పెట్టాలి. రెండో తలుపు జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. గెట్టు తెరిపించడానికి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 39వ సెక్షన్ కింద ఆజ్ఞాపక ఇంజంక్షన్, మళ్లీ అడ్డు పెట్టకుండా 38 కింద శాశ్వత ఇంజంక్షన్, రెండూ కలిపి అడగాలి. ఒకటే అడిగితే ఆయన తెరిచి, తర్వాతి ఏడాది మళ్లీ మూస్తాడు. దావాతో పాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వొకేట్ కమిషనర్‌ను (చోటు చూసి రమ్మని కోర్టు పంపే లాయరును) వేయమని, సర్వేయర్ తోడుగా ఉండాలని పిటిషన్ పెట్టండి. ఆ పిటిషన్‌లో త్వరగా తనిఖీ కావాలన్న కారణం స్పష్టంగా రాయించండి. కమిషనర్ మార్చిలో వస్తే ఆయనకు కనపడేది ఎండిన చేను, ఎత్తైన గట్టు, ఒక పైపు. సెప్టెంబరులో వాన వెలిసిన మర్నాడు వస్తే గెట్టుకు ఇవతల మోకాలి లోతు నీరు, అవతల పొడి సాళ్లు కనపడతాయి, ఆయన రిపోర్టులో అదే రాస్తాడు.